కూలెంట్ మార్చేటప్పుడు కొలత తప్పితే

శ్రోతలకు నమస్కారం. కారు ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవమైన కూలెంట్ రంగు బాగానే ఉంది కదా అని చాలామంది ఏళ్ల తరబడి దాని జోలికి పోరు. రంగు అలాగే ఉంటుంది, తుప్పు పట్టనివ్వకుండా అందులో కలిపిన రసాయనాలు మాత్రం వాడేకొద్దీ తరిగిపోతాయి. ఆ తర్వాత రేడియేటర్‌నీ వాటర్ పంపునీ తుప్పు లోపల్నుంచే తినేస్తుంది. అందుకే మాన్యువల్‌లో రాసిన గడువుకు, అందులో చెప్పిన రకం కూలెంటే పోయాలి. రంగు చూసి కొంటే మోసపోతాం, ఒకే రంగులో వేర్వేరు రకాలు దొరుకుతాయి మరి.

ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ప్రెషర్ మీద ఉన్న ద్రవం ఒక్కసారిగా మొహమ్మీదికి చిమ్ముతుంది.

రేడియేటర్ అడుగున వెడల్పాటి తొట్టి పెట్టి డ్రెయిన్ ప్లగ్గు విప్పండి. ప్లగ్గు లేకపోతే కింది హోస్ ఊడదీయాలి. తొట్టిలో పడింది ఎర్రమట్టి నీళ్లలా ఉంటే తుప్పు. మీగడలా జిడ్డు తేలితే ఆయిల్ కలుస్తోందన్నమాట, అప్పుడు ముందు మెకానిక్‌కి చూపించండి.

ఎక్కువమంది పొరపాటు పడేది ఆ తర్వాతే. పడిందంతా కొలిచారా? 6 లీటర్లు పట్టే బండిలోంచి 4 లీటర్లే వచ్చిందనుకోండి, మిగతా 2 లీటర్లు ఇంజిన్ బ్లాకులో, హీటర్‌లో ఉండిపోయినట్టే. డిస్టిల్డ్ వాటర్ పోసి, ఇంజిన్ వేడెక్కించి, చల్లారాక ఆ నీళ్లు బయటికి వదిలేసి, తేటగా వచ్చేదాకా ఇలా కడిగితే ఆ 2 లీటర్లూ ఒట్టి నీళ్లే అవుతాయి. దానిమీద సగం నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ 4 లీటర్లు పోస్తే, అసలు కూలెంట్ చేరేది 2 లీటర్లే. కావలసింది 6 లీటర్లలో సగం, అంటే 3. కాబట్టి కడిగిన బండికి నీళ్లు కలపని చిక్కటి కూలెంట్ తీసుకుని, ముందు 3 లీటర్లు, ఆపైన 1 లీటరు డిస్టిల్డ్ వాటర్ పోయండి. కుళాయి నీళ్లు వద్దు, వాటిలోని లవణాలు రేడియేటర్ గొట్టాల్లో పెచ్చు కడతాయి. చిక్కగా ఉంటే మంచిదేగా అని ఒట్టి కూలెంట్‌తో నింపేయడమూ తప్పే. కూలెంట్‌లోని ముఖ్య రసాయనం ఇథిలీన్ గ్లైకాల్. సగం నీళ్లు కలిపితే అది సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, నీళ్లు కలపనిది మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. పైగా వేడిని లాక్కుపోయే శక్తి నీళ్లకే ఎక్కువ.

గాలి ఇరుక్కోకుండా సన్నటి ధారగా పోయండి. గాలి బయటికి వదిలే ఎయిర్ స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు ఆగి ద్రవం రాగానే బిగించండి. మూత పెట్టి, హీటర్ పూర్తి వేడి మీద ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఫ్యాన్ ఎప్పుడైనా తిరగొచ్చు, చేతులు దూరంగా ఉంచండి. ఇంజిన్ వేడి చూపించే ముల్లు పైకి పోతోంది, హీటర్‌లోంచి మాత్రం చల్లగాలే వస్తోంది అంటే లోపల గాలి చిక్కుకుంది. వెంటనే ఆపేసి, చల్లారాక మట్టం సరిచేసి, మళ్లీ గాలి తీయండి.

పాత కూలెంట్ తియ్యగా ఉండే విషం. కుక్కలూ పిల్లులూ నాకితే మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయి, పసిపిల్లలకూ అంతే ప్రమాదం. నేలమీద పడ్డ చుక్కల్ని గుడ్డతో అద్ది, కడిగేయండి. తీసిందాన్ని కాలువలో పారబోయకుండా మూతున్న డబ్బాలో పోసి, లోపల ఏముందో డబ్బా మీద రాసి, పాత ఆయిల్ తీసుకునేచోట అడిగి అప్పగించండి. మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంకు మీది గీత చూడండి, మట్టం దిగి ఉంటే అదే పాళ్లలో కలిపి పోయండి.