పాత కట్టెల పొయ్యి: పొగ ఎక్కువైతే తప్పు ఎక్కడ వెతకాలి?

యాంకర్: నమస్కారం. ఇంటిని వెచ్చబెట్టే పాత ఇనప కట్టెల పొయ్యి గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. తలుపు, పొగగొట్టం ఉండే రకం. పొయ్యిలు బాగుచేసే మెకానిక్ గారు, పొగగొట్టాలు తనిఖీ చేసే నిపుణురాలు స్టూడియోలో ఉన్నారు. మేడమ్, అద్దం మసిబారుతోంది, గదిలో పొగ వాసన వస్తోంది. ఇక పొయ్యి పని అయిపోయినట్టేనా?

నిపుణురాలు: కాదండి. ముందు కట్టెను అనుమానించండి, తర్వాతే పొయ్యిని. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. పచ్చి కట్టె అయితే వేడిలో చాలా భాగం ఆ నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. మంట చల్లారి, పొగలోని వాయువులు కాలకుండానే గొట్టం ఎక్కుతాయి. అక్కడ పొగ వేడి సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కంటే పడిపోతే గోడలకు తారులా పేరుకుంటాయి. దాన్నే క్రియోసోట్ అంటాం.

యాంకర్: తేమ ఎంతుందో ఇంట్లో తెలుసుకోవడం ఎలా?

మెకానిక్: తేమ మీటర్ ఉంటే మేలు. కాకపోతే చాలామంది కట్టె కొసన గుచ్చి చూస్తారు. కొస ముందే ఆరిపోతుంది కాబట్టి లెక్క తక్కువ చూపిస్తుంది. కట్టెను అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం నడిమధ్యన గుచ్చాలి. మీటర్ లేకపోతే రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. చీల్చి పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదిలేయండి. మెత్తటి కట్టెకు ఏడాది, గట్టి కట్టెకు రెండేళ్ల దాకా పడుతుంది.

యాంకర్: రాత్రి నిండుగా కట్టెలు పేర్చి, గాలి పూర్తిగా మూసేస్తే తెల్లారేదాకా నిప్పు ఉంటుందని కొందరు చేస్తుంటారు.

నిపుణురాలు: నేను గట్టిగా వద్దనేది అదే. ఇప్పటి పొయ్యిల్లో పైభాగానికి విడిగా గాలి అందే దారి ఉంటుంది, పొగ అక్కడే కాలిపోతుంది. పాతవాటిలో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. గాలి మూస్తే మంట ఆరుతుంది గానీ కట్టె కుములుతూ రాత్రంతా పొగ వదులుతూనే ఉంటుంది. అదంతా గొట్టంలో పేరుకుంటుంది. తర్వాత ఏదో ఒకరోజు పెద్ద మంట వేయగానే అంటుకుంటుంది. గొట్టంలో లేచిన మంట 1,000 డిగ్రీలు దాటగలదు, చిమ్నీ లోపలి మట్టి గొట్టాలు పగిలిపోతాయి. కుమిలే నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ కూడా ఎక్కువగా వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు, అలారం పెట్టుకోవాల్సిందే.

మెకానిక్: మేడమ్ చెప్పింది నిజమే. కానీ గాలి తగ్గించడమే తప్పని ఎవరూ అనుకోకూడదు. అసలే తగ్గించకపోతే వేడంతా గొట్టం వెంట పోతుంది, పొయ్యి పలకలు ఎర్రబడి వంగిపోతాయి. ఎప్పుడు తగ్గిస్తున్నామన్నదే లెక్క. కొత్త కట్టె వేశాక 15, 20 నిమిషాలు గాలి బాగా వదలండి. అన్ని వైపులా నల్లబడి మంట అందుకున్నాక అంచెలంచెలుగా తగ్గించండి. ఒక్కసారిగా వద్దు.

నిపుణురాలు: మంట కంటికి కనిపిస్తున్నంత వరకు నాకూ అభ్యంతరం లేదు. పొయ్యికి 45 సెంటీమీటర్ల పైన గొట్టానికి అయస్కాంత థర్మామీటర్ అంటించండి. సింగిల్ వాల్, అంటే ఒకే పొర ఉన్న గొట్టం మీద సుమారు 120 నుంచి 240 డిగ్రీల మధ్య ఉంటే సరిపోతుంది. రెండు పొరల డబుల్ వాల్ గొట్టానికి ఇది పనికిరాదు, లోపలికి దిగే సూది రకం కావాలి. రాజేసిన అరగంటకు బయటికెళ్లి చిమ్నీ చూడండి. అప్పటికీ చిక్కటి పొగ వస్తోందంటే కట్టెలోనో గాలిలోనో లోపం ఉంది.

యాంకర్: తలుపు సంగతి?

మెకానిక్: తలుపు చుట్టూ ఉండే సీల్ తాడు చూడండి. ఒక కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగాలి. సులువుగా జారి వచ్చేస్తే ఆ చోట గాలి దూరుతోంది. అప్పుడు మీరు గాలి తగ్గించే మీటను ఎంత తిప్పినా మంట మాట వినదు. పాత తాడు పీకి, గాడిలో గట్టిపడిన జిగురంతా గీకేయండి. కొత్త తాడు మందం పాతదే ఉండాలి. లావుదైతే తలుపు గడియ పడదు, బలవంతంగా బిగిస్తే అద్దం పగలొచ్చు. జిగురు మీద తాడును సాగదీయకుండా పరచండి. సాగదీస్తే సన్నబడి మళ్లీ సందు పడుతుంది. తలుపు మూసి, జిగురు డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వండి.

యాంకర్: గొట్టం ఎప్పుడు శుభ్రం చేయించాలి?

నిపుణురాలు: ఏడాదికోసారి తప్పనిసరి. ఈలోగా మసి మందం 3 మిల్లీమీటర్లకు చేరితే వెంటనే. పొడి మసి బ్రష్‌కు రాలుతుంది. నున్నగా, నల్లటి అద్దంలా గట్టిపడిందంటే బ్రష్‌కు లొంగదు, మంట వేయడం ఆపి నిపుణులను పిలవండి. ఇంకో మాట. గొట్టం ముక్కల్లో సన్నటి కొస కిందికి, పొయ్యి వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే కారే తారు అతుకుల్లోంచి బయటికి వస్తుంది.

యాంకర్: బూడిద రోజూ తీయాలా?

మెకానిక్: అక్కర్లేదు. పొయ్యి అడుగు పలక మీదే కట్టె కాలే రకమైతే రెండు, మూడు సెంటీమీటర్లు ఉంచండి, నిప్పు నిలుస్తుంది. కట్టె కింద బూడిద రాలే ఇనప జల్లెడ ఉంటే మాత్రం కింది పళ్లెం నిండనివ్వకండి, గాలి అందక జల్లెడ కాలిపోతుంది. తీసిన బూడిదను మూత ఉన్న ఇనప డబ్బాలో వేసి ఇంటి బయట, కట్టెలకు దూరంగా పెట్టండి. నివురుగప్పిన నిప్పు రోజుల తరబడి ఉంటుంది. ప్లాస్టిక్ బకెట్ అసలు వద్దు.

యాంకర్: చలికాలం అయిపోయాక?

మెకానిక్: బూడిద మొత్తం ఊడ్చేయండి. అది తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. గాలి మీట కొంచెం తెరిచి ఉంచండి. అప్పుడే గది చీకటి చేసి, పొయ్యిలో టార్చ్ వెలిగించి పెట్టండి. పలకల అతుకుల్లోంచి వెలుతురు కనిపించిన చోటల్లా పాత సిమెంట్ గీకి వేడిని తట్టుకునే ఫర్నేస్ సిమెంట్ నింపండి. అది ఆరాక మొదటి మంట చిదుగులతో, చిన్నదిగా వేయాలి. ఒకేసారి పెద్ద మంట వేస్తే సిమెంట్ ఉబ్బి రాలిపోతుంది.