షీల్డుకు ముందున్న 22 ఏళ్లు: మోహన్ బగాన్ తొలినాళ్ల కథ

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. పేటల్లో కుర్రవాళ్లు పెట్టుకున్న ఆటల సంఘాల చరిత్ర చెప్పుకునే ఈ కార్యక్రమంలో ఈ వారం కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు మోహన్ బగాన్ గురించి మాట్లాడుకుందాం. 1911లో ఆ జట్టు ఆంగ్లేయ సైనికుల జట్టును ఓడించి ఐఎఫ్ఏ షీల్డు, అంటే ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పోటీ, గెలిచిన సంగతి చాలామంది వినే ఉంటారు. మాస్టారూ, మీరు మాత్రం అంతకు ముందున్న 22 ఏళ్ల నుంచే మొదలుపెట్టాలన్నారు. కారణం చెప్పండి.

మాస్టారు: షీల్డు కథను మనవాళ్లు చెప్పే తీరు చూస్తే, పదకొండు మంది ఎక్కడినుంచో ఊడిపడి తెల్లవాళ్లను ఓడించినట్టు ఉంటుందమ్మా. ఆ పదకొండు మంది వెనుక ఒక పేట ఉంది, ఆ పేట పెద్దలు ఉన్నారు, సొంత మైదానం లేక స్థలాలు మారుతూ ఆడిన కుర్రవాళ్లు ఉన్నారు. వాళ్లను వదిలేసి గెలుపు ఒక్కటే చెప్పుకుంటే అది సగం కథే అవుతుంది.

వ్యాఖ్యాత: అయితే ఆ పేట నుంచే మొదలుపెట్టండి.

మాస్టారు: ఉత్తర కలకత్తాలో ఫరియాపుకుర్ ప్రాంతాన కీర్తిచంద్ర మిత్ర అనే సంపన్నుడికి మోహన్ బగాన్ విల్లా అనే పెద్ద భవంతి ఉండేది. చుట్టుపక్కల మిత్ర, బసు, సేన్ కుటుంబాల పిల్లలు, ఎక్కువగా విద్యార్థులు, ఆ ఆవరణలో ఫుట్‌బాల్ ఆడేవారు. 1889 ఆగస్టు 15న బలరాం ఘోష్ వీధిలో భూపేంద్రనాథ్ బసు ఇంట్లో ఆ కుటుంబాల పెద్దలు సమావేశమై క్లబ్బును స్థాపించారు. భూపేంద్రనాథ్ బసు తొలి అధ్యక్షుడు, జతీంద్రనాథ్ బసు తొలి కార్యదర్శి. ఈ భూపేంద్రనాథ్ బసే 1914లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించారు. అంతటి న్యాయవాది తన ఇంట్లో కూర్చుని పిల్లల ఆటకు నియమావళి రాయించడాన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

వ్యాఖ్యాత: ఆ నియమాలు కఠినంగా ఉండేవని విన్నాను.

మాస్టారు: సభ్యులు పొగ తాగకూడదు, మద్యం ముట్టకూడదు. ఆటతో పాటు నడవడికనూ చూసేవారు. బెంగాలీలు దేహబలం లేనివాళ్లని ఆంగ్లేయులు హేళన చేస్తున్న కాలమది. తమ పిల్లలు చదువు చెడగొట్టుకోకుండానే దేహదారుఢ్యంలో ఎవరికీ తీసిపోరని చూపించాలన్న పట్టుదల ఆ పెద్దలకు ఉండేది. కాబట్టి ఆ నియమాలను చాదస్తంగా కొట్టిపారేయడం న్యాయం కాదు.

వ్యాఖ్యాత: సొంత మైదానం లేదన్నారు కదా, మరి ఎక్కడ ఆడేవారు?

మాస్టారు: విల్లా ఆవరణ తరువాత శ్యాంపుకుర్‌లో దుర్గాచరణ్ లాహా స్థలంలో ఆడారు, అక్కడినుంచి శ్యాం స్క్వేర్‌కు వెళ్లారు. 1900లో, మైదాన్ అని పిలిచే కలకత్తాలోని పెద్ద బయలు ప్రాంతంలో, ప్రెసిడెన్సీ కళాశాల స్థలాన్ని పంచుకున్నారు. స్థలం ఇచ్చేవాళ్ల దయ మీద ఆధారపడిన సంఘం పదేళ్లు నిలవడమే గొప్ప. మన ఊళ్లలో ఖోఖో, కబడ్డీ సంఘాలు ఎన్ని బడి ఆవరణ పోగానే మూతపడ్డాయో శ్రోతలకు నేను చెప్పనక్కర్లేదు.

వ్యాఖ్యాత: ఆటలో మెరుగుదల ఎప్పుడు కనిపించింది?

మాస్టారు: సుబేదార్ మేజర్ శైలేన్ బసు కార్యదర్శి బాధ్యత తీసుకున్నాక కనిపించింది. ఆయన సైన్యంలో పనిచేసినవారు కావడంతో కుర్రవాళ్లకు కసరత్తు, దమ్ము నిలిపే సాధన అలవాటు చేశారు. 1904లో కూచ్ బిహార్ కప్పు గెలిచారు. 1905లో చిన్సురాలో జరిగిన గ్లాడ్‌స్టన్ కప్పు ఫైనల్లో, ఆ ఏడాది ఐఎఫ్ఏ షీల్డు గెలిచిన డల్హౌసీ జట్టును 6-1 తేడాతో ఓడించారు. అందులో నాలుగు గోల్సు శిబ్‌దాస్ భాదురీవే. ఆ తరువాత 1906, 1907, 1908లలో వరుసగా మూడుసార్లు ట్రేడ్స్ కప్పు వాళ్లదే అయింది. ఈ ఫలితాలు చూసినవాళ్లకు 1911 అంత పెద్ద ఆశ్చర్యం కాకూడదు.

వ్యాఖ్యాత: ఆ రోజు గురించి కూడా వినాలని ఉంది మాస్టారూ.

మాస్టారు: 1911 జూలై 29న ఫైనల్లో ఎదుటి జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్. మనవాళ్లలో సుధీర్ ఛటర్జీ ఒక్కరే బూట్లు వేసుకున్నారు, మిగతా పదిమందీ వట్టి కాళ్లతోనే దిగారు. వర్షాకాలంలో తడిసిన గడ్డి మీద వట్టి కాలికి పట్టు దొరకదు, పైగా ఎదుటివాళ్ల బూటు వచ్చి తగిలితే కాలివేళ్లు చితికిపోతాయి. జనం వేలాదిగా తరలివచ్చారు, స్టీమర్ల మీదా రైళ్ల మీదా బెంగాల్ నలుమూలల నుంచి వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు. దూరాన నిలబడి ఏమీ కనిపించని వాళ్లకు గాలిపటాలు ఎగరేసి గోల్సు తెలియజేశారు. మొదట ఆంగ్లేయులే గోలు కొట్టారు. ఆట ముగింపు దగ్గరపడుతున్నప్పుడు కెప్టెన్ శిబ్‌దాస్ స్కోరు సమం చేశారు, ఆ వెంటనే అభిలాష్ ఘోష్ రెండో గోలు కొట్టారు. 2-1తో షీల్డు భారతీయుల చేతికి వచ్చింది.

వ్యాఖ్యాత: అప్పటికి బెంగాల్ విభజన జరిగి ఆరేళ్లు. ఆ వేడి మన ప్రాంతానికీ తాకింది కదా?

మాస్టారు: తాకిందమ్మా. 1907లో బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం మీదుగా పర్యటించినప్పుడు మన విద్యార్థులు వందేమాతరం అని నినదించి శిక్షలు అనుభవించారు. బెంగాల్లో ఆ ఆవేశం వీధుల నుంచి మైదానానికీ చేరింది. అయితే క్లబ్బు పుట్టింది విభజనకు 16 ఏళ్ల ముందు. అందుకే ఆ గెలుపును పూర్తిగా ఉద్యమం ఖాతాలో వేయడం నాకు ఇష్టం ఉండదు. ఉద్యమం జనాన్ని తెచ్చింది, జట్టును మాత్రం సాధనే తయారుచేసింది.

వ్యాఖ్యాత: మన తెలుగు నేలకు ఈ క్లబ్బుతో నేరుగా ఉన్న బంధం గురించి చెప్పి ముగించండి.

మాస్టారు: హైదరాబాదులో పుట్టిన మహమ్మద్ హబీబ్ గురించి చెప్పాలి. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ తలపడి 2-2తో నిలిచినప్పుడు, మనవాళ్ల గోల్సు ఒకటి శ్యామ్ థాపాది, రెండోది హబీబ్‌ది. కలకత్తాలో ఆయనను బడేమియా అని పిలిచేవారు. ఆయన 2023 ఆగస్టు 15న, అంటే క్లబ్బు 134 ఏళ్లు పూర్తిచేసుకున్న రోజునే, హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన ఆట చూసినవాళ్లు హైదరాబాదులో ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పేది రికార్డు చేసి పెట్టుకోవాలని ఈ కార్యక్రమం వింటున్న కుర్రవాళ్లను అడుగుతున్నాను.