జీఈ క్లాసులా, డ్రాయింగా: ఏది ముందు?

యాంకర్: నమస్కారం. బే ఏరియా తెలుగు శ్రోతల కోసం శనివారం చదువుల ఫోన్-ఇన్‌కి స్వాగతం. రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో డ్రాయింగ్ నేర్పుతూ, అక్కడి నుంచి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యే పిల్లలకి పోర్ట్‌ఫోలియో, అంటే యూనివర్సిటీకి చూపించే తమ బొమ్మల కట్ట, విషయంలో సాయపడే మేడం ఈరోజు మనతో ఉన్నారు. మొదటి కాల్ ఫ్రీమాంట్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండీ, నమస్తే మేడం. మా అమ్మాయికి ఈ జూన్‌తో హైస్కూల్ అయిపోయింది. ఆర్ట్ చదువుతానంటోంది. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ ఓలోనీలో రెండేళ్లు చదివి యూసీఎల్ఏకి గానీ, శాన్ హోజే స్టేట్‌కి గానీ మారాలని దాని ఆశ. మా వారేమో ముందు ఇంగ్లిష్, మ్యాథ్స్, హిస్టరీ ముగించు, బొమ్మల క్లాసులు రెండో ఏడాది చూసుకుందాం, ఈలోపు మనసు మారినా మారొచ్చు అంటున్నారు. వారం నుంచీ ఇంట్లో ఇదే రగడ.

మేడం: అమ్మా, మీ వారి మాటలో తప్పేం లేదు. ఎకనామిక్స్ చదివే పిల్లకైతే పర్వాలేదు. ఆర్ట్‌కి మాత్రం నెలలు లెక్కపెట్టి చూడండి. ఆగస్టు ఆఖర్లో చేరుతుంది. యూసీఎల్ఏ ఉన్న యూసీ, శాన్ హోజే స్టేట్ ఉన్న సీఎస్‌యూ, ఈ రెండు యూనివర్సిటీ వ్యవస్థలూ దరఖాస్తులు మరుసటి ఏడాది అక్టోబరు 1 నుంచి తీసుకుంటాయి, నవంబరు నెలాఖరుకల్లా పెట్టేయాలి. యూసీఎల్ఏ ఆర్ట్‌కి దరఖాస్తుతో పాటు పోర్ట్‌ఫోలియో కూడా కావాలి. అంటే పేరుకి రెండేళ్లు గానీ, బొమ్మలు వేయడానికి చేతికొచ్చేది పదిహేను నెలలే. మొదటి ఏడాదంతా జీఈకే, అంటే ఏ సబ్జెక్టు వాళ్లైనా చదవాల్సిన ఇంగ్లిష్, మ్యాథ్స్‌లాంటి క్లాసులకే పోతే మిగిలేది ఒక్క సెమిస్టర్.

నా దగ్గరికి ఒకబ్బాయి అలాగే వచ్చాడు. జీఈలో అన్నీ ‘ఏ’ గ్రేడులే. అక్టోబరులో బొమ్మలు చూపించమంటే మూడు తీశాడు. వాటిలో రెండు హైస్కూల్లో వేసినవి. బంగారంలాంటి చెయ్యి వాడిది, నాకు ఇప్పటికీ బాధే.

కాలర్: అయ్యో. మరి మొదటి సెమిస్టర్‌లో ఏం తీసుకోమంటారు?

మేడం: డ్రాయింగ్ ఒకటి, టూ-డీ డిజైన్ ఒకటి. వీటి పక్కన ఇంగ్లిష్, మ్యాథ్స్. ఇలా బొమ్మలు వేయించే స్టూడియో క్లాసు మూడు యూనిట్లదైతే (యూనిట్ అంటే క్లాసు లెక్కకి కొలత), వారానికి ఇంచుమించు ఆరు గంటలు క్లాసులోనే గడుస్తాయి, ఇంటి దగ్గర వేసేది వేరే. అందుకే సెమిస్టర్‌కి రెండు స్టూడియోలకి మించొద్దు. రెండో సెమిస్టర్‌లో త్రీ-డీ, ఫిగర్ డ్రాయింగ్. ఆర్ట్ హిస్టరీని మాత్రం వెనక్కి నెట్టకండి. అది మామూలుగా మేజర్‌కీ, అంటే ఎంచుకున్న ముఖ్య సబ్జెక్టుకీ పనికొస్తుంది, జీఈలో ఆర్ట్స్ భాగానికీ సరిపోతుంది. 2025 ఫాల్ నుంచి యూసీకీ సీఎస్‌యూకీ కలిపి కాల్-జెట్‌సీ అని ఒకటే జీఈ పద్ధతి వచ్చింది, మొత్తం 34 యూనిట్లు. నాలుగు సెమిస్టర్లకి పంచితే నలిగిపోకుండా చేయొచ్చు.

కాలర్: శాన్ హోజే స్టేట్‌కి గ్యారంటీ సీటు ఉంటుందని ఎవరో అన్నారు మేడం.

మేడం: అది సగం నిజం. స్టూడియో ఆర్ట్స్‌లో ఏఏ-టీ అని కమ్యూనిటీ కాలేజీలోనే చేసే 60 యూనిట్ల ట్రాన్స్‌ఫర్ డిగ్రీ ఉంది. అది పూర్తి చేస్తే సీఎస్‌యూ మొత్తంలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. మీరు కోరిన క్యాంపసే వస్తుందని కాదు. బీఏ వేరు, బీఎఫ్ఏ వేరన్నది కూడా గుర్తుంచుకోండి. బీఎఫ్ఏ అంటే ఆర్ట్ క్లాసులకే ఎక్కువ చోటిచ్చే డిగ్రీ, దానికి చాలాచోట్ల విడిగా బొమ్మలు చూసే తీసుకుంటారు. యూసీలోనేమో ట్యాగ్ అనే హామీ పద్ధతి ఆరు క్యాంపస్‌లకే ఉంది: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. యూసీఎల్ఏ అందులో లేదు. ట్యాగ్ దరఖాస్తు సెప్టెంబరులోనే పెట్టాలి, మీ మేజర్‌కి వర్తిస్తుందో లేదో ఆ ఏడాది జాబితాలో చూసుకోవాలి.

యాంకర్: మేడం, ఏ క్లాసు ఎక్కడ చెల్లుతుందో ఇంట్లో కూర్చుని తెలుసుకునే దారి ఉందా?

మేడం: అసిస్ట్ డాట్ ఆర్గ్. ఈ రాత్రే తెరవండమ్మా. మీ కాలేజీ, వెళ్లాలనుకున్న యూనివర్సిటీ, మేజర్ ఎంచుకుంటే ఒక పట్టిక వస్తుంది. ఎడమ పక్క యూనివర్సిటీ కోర్సు, కుడి పక్క దానికి సరిపోయే మీ కాలేజీ కోర్సు ఉంటాయి. కుడి పక్క ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’, అంటే సరిపోయే క్లాసు లేదని కనబడితే కంగారొద్దు. పక్క ఊరి కమ్యూనిటీ కాలేజీ పేరు పెట్టి చూడండి, అక్కడ ఉంటే ఆ ఒక్క క్లాసూ అక్కడ చేయొచ్చు. డి ఆన్జా కాలేజీలో మాత్రం సెమిస్టర్లు కాదు, క్వార్టర్ పద్ధతి, యూనిట్ల లెక్క మారుతుంది. రెండు యూనివర్సిటీల పట్టికలూ ప్రింట్ తీసి, రెండింట్లోనూ ఉన్న క్లాసులకి టిక్ పెట్టండి. అవి ముందు. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే.

కాలర్: మా అమ్మాయి పక్కనే ఉంది, మాట్లాడుతుందట.

అమ్మాయి: నమస్తే ఆంటీ. నా దగ్గర ఎక్కువ ఆనిమే బొమ్మలే ఉన్నాయి. మా అమ్మమ్మ ముగ్గుల పుస్తకం చూసి వేసినవి కూడా ఉన్నాయి. పోర్ట్‌ఫోలియోలో పెట్టొచ్చా?

మేడం: ఆనిమే పాత్రలు ఇంకొకరు ఊహించినవమ్మా. నువ్వు చూసి వేసినవి కావాలి. ముగ్గుల సంగతి చెప్పు. అమ్మమ్మ ఎక్కడుంటారు?

అమ్మాయి: తెనాలిలో. వీడియో కాల్‌లో వేసి చూపిస్తారు.

మేడం: మరి ఆ ముగ్గు వేసే చెయ్యి ఎప్పుడైనా గీశావా? బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారుతున్నప్పుడు మిగతా మూడు వేళ్లూ ఎలా ముడుచుకుంటాయో చూడు. నడుం వంచి నిలబడితే చీర కుచ్చెళ్లు ఎక్కడ పడతాయో చూడు. ఇరవై సార్లు గీయి. పంతొమ్మిది కుదరకపోయినా ఒకటి నిలబడుతుంది. ఈ బొమ్మ నువ్వు తప్ప ఇంకెవరూ వేయలేరు, చూసేవాళ్లకి అది ఇట్టే తెలుస్తుంది. కుదరనివి చింపేయకు, తేదీ వేసి దాచు.

అమ్మాయి: సరే ఆంటీ. అమ్మమ్మకి ఈ రాత్రే ఫోన్ చేస్తా.

కాలర్: మేడం, మా వారు వింటున్నారు. ఖర్చు గురించి ఒక్క మాట చెప్పండి.

మేడం: కాలిఫోర్నియా నివాసులకి యూనిట్‌కి 46 డాలర్లు. 60 యూనిట్లకి 2,760. ఆర్ట్ క్లాసులకి కాగితాలు, రంగులు అదనం. ఒకవేళ మనసు మారినా డ్రాయింగ్ యూనిట్లు వృథా పోవు సార్, ఎలెక్టివ్స్‌గా, అంటే ఇష్టంతో తీసుకున్న క్లాసులుగా లెక్కకొస్తాయి. డ్రాయింగ్ ఆలస్యంగా మొదలుపెడితే మాత్రం ఇంకో ఏడాది అక్కడే ఉండాల్సి వస్తుంది.

కాలర్: ఆయన సరేనని తలూపుతున్నారండీ. కానీ ఇప్పుడే చూస్తే డ్రాయింగ్ క్లాసు నిండిపోయింది!

మేడం: వెయిట్ లిస్ట్‌లో పేరు పెట్టించండి. మొదటి రోజు పావుగంట ముందే వెళ్లి, స్కెచ్‌బుక్ పట్టుకుని కూర్చోమనండి. పేరు ఇచ్చి రానివాళ్లు ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆ సీట్లలో చేరడానికి నేను యాడ్ కోడ్ ఇచ్చేది ముందు గదిలో ఉన్న పిల్లలకే.