ఎండ కంటికి పక్కనుంచి తగుల్తుంది

అందరికీ నమస్కారం. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి కొట్టే చోట కూర్చున్నవాళ్ళు కొంచెం పక్కకు జరగండి. ఎందుకో తర్వాత చెప్తాను.

మన అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే ఏప్రిల్ నెలాఖరులో, పన్నెండుంబావు ప్రాంతంలో, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కర్నూలుకు ఇది ఇంకో నాలుగైదు రోజుల తర్వాత. ఆ సమయంలో బయట నిలబడితే మన నీడ మన కాళ్ళ కిందే పడుతుంది. ఒంటి మీద ఎండ అంతకన్నా సూటిగా పడే వేళ లేదు. కంటి లెక్క మాత్రం వేరు. సూర్యుడు పైనుంటే కనుబొమ్మ ఎముక, పై రెప్ప చూరులాగా అడ్డం వస్తాయి. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా, మళ్ళీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎండ ఏటవాలుగా వచ్చి ఆ చూరు కిందికి దూరుతుంది. "పన్నెండుకు ఇంట్లోనే ఉన్నాను కదా" అనుకునే మనిషికి కూడా కంట్లో కండ పెరిగేది ఇందుకే.

తాడిపత్రి మనకు ఈశాన్యంగా ఉంది. రోజూ పొద్దున అక్కడికి బండి మీద పోయేవాళ్ళకు ఎండ దాదాపు ఎదురుగా ఉంటుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కుడి కణత వైపు నుంచి కొడుతుంది. కణత వైపు నుంచి వచ్చిన ఈ వెలుగే అసలు చిక్కు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, కార్నియా, ఉబ్బుగా ఉంటుంది. పక్కనుంచి పడ్డ వెలుగును అది భూతద్దంలాగా వంచి ముక్కు వైపు అంచున పోగేస్తుంది. రాత్రి లైట్లు ఆపి, ఇంట్లో ఒకరి కణత పక్కనుంచి సన్న టార్చి ఒక్క క్షణం వేసి చూడండి. ముక్కు వైపు నల్లగుడ్డు అంచున చిన్న వెలుగు మచ్చ కనిపిస్తుంది. కండ ఎక్కువగా మొదలయ్యేది ఆ మచ్చ పడే చోటే. అది నల్లగుడ్డు మీదికి పాకితే చూపు వంకరవుతుంది, ఆపరేషన్ చేసినా మళ్ళీ పెరగొచ్చు. ఎండలో ఉండే, కంటికి కనిపించని అతినీలలోహిత (యూవీ) కిరణాలు ఏళ్ళ తరబడి పడడం శుక్లం త్వరగా రావడానికీ ఒక కారణం.

కాబట్టి అద్దాలు కొనేటప్పుడు నలుపు చూడకండి, ఆకారం చూడండి. కణతల దాకా చుట్టుకుని, చెంపకు దగ్గరగా కూర్చోవాలి. "యూవీ 400" అని ఉండాలి, అంటే 400 నానోమీటర్ల అల పొడవు దాకా ఉన్న ఆ కిరణాలను ఆపుతుందని. చీటీ ఎవరైనా అంటిస్తారు గనుక షాపులో యూవీ మీటరు ఉంటే పెట్టి చూపమనండి, నిమిషం పని. పోలరాయిడ్ అద్దం రోడ్డు మీది తళతళను తగ్గిస్తుంది. యూవీని ఆపడం వేరే గుణం, రెండూ ఉన్నాయా అని అడగండి. యూవీ ఆపని ఉత్త నల్ల ప్లాస్టిక్కు పెట్టుకుంటే ఏమీ పెట్టుకోనిదాని కన్నా చెరుపు కావచ్చు. చీకటికి కంటిపాప పెద్దదవుతుంది, ఆ తెరిచిన తలుపులోంచి కిరణాలు ఎక్కువగా లోపలికి పోతాయి. మంచి పాలీకార్బనేట్ అద్దం తెల్లగా ఉన్నా యూవీని ఆపుతుంది. చుట్టూ మూడంగుళాల అంచున్న టోపీ పెడితే కంటికి తగిలే ఎండ సగం దాకా తగ్గుతుంది. క్రికెట్ టోపీకి పక్కలుండవు కదా, తలగుడ్డను కణతల మీదికి దించి కట్టుకోవడం దానికన్నా నయం. లారీ, కారు ముందు అద్దం రెండు పొరలది, యూవీని చాలామటుకు ఆపుతుంది. పక్క అద్దం అంతగా ఆపదు, అది డ్రైవరు కుడి కణత దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు ఫ్యాను సంగతి. కంటి మీద కన్నీటి పొర ఉంటుంది, దానిపైన నూనె పూత. మనం నిమిషానికి సుమారు పదిహేను సార్లు రెప్ప వేసి దాన్ని పరుస్తూ ఉంటాం. ఫోను చూసేటప్పుడు రెప్పపాటు సగానికి పైగా తగ్గిపోతుంది. వడగాలి, నేరుగా కొట్టే కూలరు గాలి, చేతిలో ఫోను మూడూ కలిస్తే ఆ పొర ఆరిపోయి ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. చిత్రంగా నీళ్ళు కూడా కారతాయి. దాన్ని చూసి "తేమ బాగానే ఉంది" అనుకోకండి, అది పొడికన్ను ఏడుపు. కూలరు కాళ్ళ వైపు తిప్పండి, తొట్టిలో నీళ్ళు రెండు మూడు రోజులకు మార్చండి, పాత గడ్డి దుమ్ము రాలుస్తుంటే తీసేయండి.

పిల్లల విషయం కాసేపు చెప్పాలి. ఐదు నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లల్లో కొందరికి, అందులో మగపిల్లలకు ఎక్కువగా, ఎండలు ముదిరేసరికి రెండు కండ్లూ విపరీతంగా దురద పెడతాయి. దారంలా సాగే తెల్లటి పుసి వస్తుంది, వెలుగు చూడలేరు. ఇది అలర్జీ. కండ్లకలకలాగా ఒకరి నుంచి ఒకరికి అంటదు, బడి మాన్పించక్కరలేదు. గట్టిగా నలిపే అలవాటు పడితే కార్నియా పలుచబడి శంకువులా ముందుకు పొడుచుకు రావొచ్చు, అది జీవితాంతం తిప్పలు. చల్లటి తడిగుడ్డ ఐదారు నిమిషాలు కండ్ల మీద వేయండి, ఆటాడి రాగానే ముఖం, తల కడగండి. ఏటేటా వచ్చే పిల్లాడినైతే ఫిబ్రవరిలోనే చూపించండి, ముందుజాగ్రత్త చుక్కలు మొదలుపెడతారు.

ఈ దురదకే మందుల షాపులో అడిగి ఒక సీసా తెచ్చుకుంటారు. వేయగానే ఎరుపు, దురద మాయం. మళ్ళీ వస్తే అదే సీసా. దాని మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథోలోన్ అని ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. డాక్టరు లెక్క ప్రకారం వాడితే మంచి మందే. చీటీ లేకుండా నెలల తరబడి వేస్తే కొందరికి కంటి లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసులు, అంటే గ్లాకోమా, వస్తాయి. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పోయిన చూపు తిరిగి రాదు. వేరుశనగ కట్టె, వరి ఆకు లాంటిది గీరుకున్న కంట్లో ఈ చుక్క పడిందంటే ఇంకా ఘోరం. అక్కడ బూజు పుండుకు అది ఎరువు వేసినట్టే. చనుబాలు, ఆకు పసరు, ఆముదం కూడా అలాంటి కంట్లో పోయొద్దు. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద చల్లదనానికి పెట్టుకుంటే తప్పులేదు, రసం మాత్రం లోపలికి పోకూడదు.

ఎండాకాలంలోనే పెళ్ళిళ్ళు, ఇళ్ళకు సున్నాలు. సున్నం కంట్లో పడితే ఒక్క నిమిషం కూడా ఆలోచించొద్దు. అది ఘాటైన క్షారం. పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగుతూనే ఉంటుంది. ఆటో కోసం పరిగెత్తకండి, ముందు నీళ్ళు. తల వంచి, దెబ్బతిన్న కన్ను కింది వైపు ఉండేట్టు పక్కకు తిప్పండి, సున్నం నీళ్ళు రెండో కంట్లోకి పారకూడదు. రెప్పలు బిగుసుకుని జారుతుంటాయి, చేతిగుడ్డతో పట్టి విప్పండి. ముక్కు వైపు నుంచి బయటికి పారేట్టు చెంబుతో పోస్తూనే ఉండండి, అర్ధగంట తగ్గకుండా, కన్ను నాలుగు దిక్కులా తిప్పిస్తూ. రెండు బిందెలైనా అయిపోతాయి. పై రెప్ప కింద సున్నపు పలుకులు అంటుకుని ఉంటాయి, తడిపిన గుడ్డ కొనతో మెల్లగా తుడవండి. నిమ్మరసం, వెనిగర్ పోసి విరుగుడు చేయాలని చూడొద్దు. ఆ తర్వాతే ఆస్పత్రి, దారిలో కూడా నీళ్ళు పోస్తూనే. వక్కాకు సున్నం ప్యాకెట్టు పిల్లల చేతికి ఇవ్వకండి, నొక్కితే పగిలి నేరుగా కంట్లోకే చిమ్ముతుంది.

బండలు కోసే, పాలిష్ పట్టే చోట్ల పక్కలు మూసిన కండ్లద్దాలు తప్పనిసరి. నల్లగుడ్డులో గుచ్చుకున్న రవ్వను అగ్గిపుల్లతో, నాలుకతో తీయించుకోవద్దు. ఉత్త దుమ్మయితే శుభ్రమైన నీళ్ళలో కన్ను ముంచి రెప్పలు కొట్టండి, పోతుంది.

ఇక చుక్కలు వేసే తీరు. ఒక్క చుక్క చాలు, కన్ను అంతకన్నా పట్టదు, రెండోది చెంప మీదికే. వేశాక కన్ను మూసి ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు నొక్కండి, మందు గొంతులోకి జారదు. రెండో రకం ఉంటే ఐదు నిమిషాలు ఆగండి. తెరిచిన సీసా నెల దాటితే పారేయండి, తెరిచిన తేదీ పెన్నుతో రాసుకోండి. చాలా సీసాల మీద 25 డిగ్రీల లోపు ఉంచమని ఉంటుంది. మే నెలలో మన ఇళ్ళలో అంత చల్లదనం ఎక్కడ? బండి డిక్కీ అయితే పొయ్యే. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, ఐసు గడ్డకట్టే చోట వద్దు. నీటికాసులకు వాడే లాటానోప్రాస్ట్ తెరవక ముందు 2 నుంచి 8 డిగ్రీల్లోనే ఉండాలి. షాపులో ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నారా, అర మీదనుంచి ఇస్తున్నారా గమనించండి.

చూపు తగ్గినా, వెలుగు చూస్తే నొప్పిగా ఉన్నా, నల్లగుడ్డు మీద తెల్ల చుక్క కనిపించినా ఆరోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చుక్కల సీసాలు వెంట తెచ్చుకున్నవాళ్ళు ఇలా ముందుకు రండి, ఒక్కొక్క దాని మీద ఏం రాసుందో చదువుదాం.