క్యాసెట్‌లోని గొంతు కంప్యూటర్‌లోకి: అసలు పని హెడ్ దగ్గరే

అందరికీ నమస్కారం.

హైదరాబాద్‌లో పాత ఇల్లు ఖాళీ చేసి అపార్ట్‌మెంట్‌కు మారేటప్పుడు అటక మీంచి దిగే సామానులో క్యాసెట్ల డబ్బా ఒకటి ఉంటుంది. అందులో బజారులో కొన్న సినిమా పాటల గురించి బెంగ లేదు, అవి ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. తాతగారి పురాణ పఠనం, అమ్మమ్మ మంగళహారతి, గుళ్ళో చెప్పిన హరికథ లాంటివాటికి రెండో ప్రతి లేదు. ఈ మాటలన్నీ వాటి కోసమే.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఎన్ని బిట్లు పెట్టాలి అని అందరూ ముందు అడుగుతారు. అది తేలిక. నాణ్యత తేలేది టేపు హెడ్‌ను, అంటే టేపు మీది శబ్దాన్ని చదివే భాగాన్ని, తాకే చోట. అక్కడ పోయినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

మొదట క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ ట్యాబ్‌లు విరిచేయండి. ఇక పొరపాటున రికార్డు బటన్ నొక్కినా గొంతు చెరిగిపోదు. క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి టేపు చుట్ట చూడండి. తెల్లటి బూజు ఉంటే డెక్‌లో (క్యాసెట్ ప్లేయర్‌లో) పెట్టవద్దు, అది హెడ్‌కు, అక్కణ్ణించి తర్వాతి క్యాసెట్‌కు అంటుతుంది. బూజు లేకపోతే ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి చుట్టి, మళ్ళీ వెనక్కి చుట్టండి. టేపును హెడ్‌కు అదిమిపట్టే చిన్న ఫెల్ట్ ముక్క ఉందో లేదో కూడా చూడాలి. బంక ఎండిపోయి అది ఊడిపోతుంటుంది. ఊడితే శబ్దం దుప్పటి కప్పుకున్నట్టు వస్తుంది. పనికిరాని క్యాసెట్ నుంచి ఆ ముక్క తీసి ఇందులో బిగించుకోవచ్చు.

డెక్ సంగతి. హెడ్‌నూ, టేపును లాగే సన్నటి ఇనుప కడ్డీనీ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూది పుల్లతో తుడవండి. ఇంట్లో ఉంది కదా అని శానిటైజర్ వాడకండి, అందులో నీళ్ళూ గ్లిజరినూ ఉంటాయి. రబ్బరు బెల్టు సాగిపోతే శ్రుతి ఊగుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొత్తది అడిగేటప్పుడు పాత బెల్టు వెంట తీసుకెళ్ళండి. సాగినదానికంటే కొత్తది కాస్త పొట్టిగా ఉండాలి. వేగంలో 6 శాతం తేడా వస్తే పాట దాదాపు ఒక స్వరస్థానం జరిగిపోతుంది. కచేరీ టేపు అయితే, గాయకుల శ్రుతి తెలిసి ఉంటే, తంబురా ధ్వనితో సరిచూసుకోవచ్చు. టేపులో వినిపించే 50 హెర్ట్జ్ కరెంటు హమ్‌ను కొలబద్దగా వాడతారు గానీ, పాత రోజుల్లో మన దగ్గర కరెంటు ఫ్రీక్వెన్సీ 50 దగ్గర స్థిరంగా నిలిచేది కాదు. దాన్ని పూర్తిగా నమ్మలేం.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది: అజిమత్, అంటే టేపుకు హెడ్ నిలిచే కోణం. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. కాబట్టి 10,000 హెర్ట్జ్ శబ్దపు ఒక్కో అల టేపు మీద 4.76 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) పొడవే ఉంటుంది. మోనో (ఒకే ఛానల్) ట్రాక్ వెడల్పు 1.5 మిల్లీమీటర్లు. హెడ్ డిగ్రీలో పదోవంతు వాలితే ఆ ట్రాక్ పై అంచుకూ కింది అంచుకూ మధ్య 2.6 మైక్రాన్ల తేడా వస్తుంది. అది సగం అల కంటే ఎక్కువ. ఫలితంగా స, శ, ష లాంటి హల్లులన్నీ మొద్దుబారతాయి. ఏ క్యాసెట్ ఏ టేపురికార్డర్‌లో రికార్డయిందో ఆ కోణమే దానికి సరి. అందుకే ఒక్కోదానికీ, ఒక్కోసారి రెండు వైపులకూ విడివిడిగా, సర్దుకోవాలి.

హెడ్ పక్కన రెండు స్క్రూలుంటాయి. కింద స్ప్రింగ్ ఉన్నదే అజిమత్ స్క్రూ. దాని మొదటి స్థానం మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. కంప్యూటర్‌లో రెండు ఛానళ్ళనూ కలిపి మోనోగా, హెడ్‌ఫోన్స్‌లో వింటూ, అయస్కాంతం అంటని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పండి. సకారం పదునెక్కుతూ వచ్చి మళ్ళీ మొద్దుబారడం మొదలవుతుంది. పదునుగా ఉన్న చోటికి వెనక్కి వచ్చి ఆపండి. పావు చుట్టు కూడా సాధారణంగా అవసరం పడదు. పనయ్యాక స్క్రూను గుర్తు దగ్గరకు తెచ్చేయండి.

కనెక్షన్ డెక్ లైన్ అవుట్ (శబ్దం బయటికొచ్చే రంధ్రం) నుంచి యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె) లైన్ ఇన్‌కు ఇవ్వండి. ల్యాప్‌టాప్‌లో ఉండే ఒక్క రంధ్రం సాధారణంగా మైక్ కోసం. అది మోనో, పైగా లైన్ శబ్దం దానికి ఎక్కువై గొంతు చీలిపోతుంది. గుయ్‌మని హమ్ వస్తే ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. చాలావరకు పోతుంది.

రికార్డింగ్ సెట్టింగ్ 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ చాలు. మామూలు క్యాసెట్‌లో రొదకూ శబ్దానికీ ఎడం 50 డెసిబెల్స్ చిల్లరే, 96 కిలోహెర్ట్జ్ పెట్టినా ఆ రొదే ఇంకా వివరంగా రికార్డవుతుంది. సాఫ్ట్‌వేర్ మీటర్‌లో అత్యధిక శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. అరవై నిమిషాల క్యాసెట్‌కు ఒక గిగాబైటు పైచిలుకు అవుతుంది. ఫ్లాక్ (FLAC) అనే ఫైలు రకంలో దాస్తే నాణ్యత తగ్గకుండా ఫైలు చిన్నదవుతుంది. బంధువులకు పంపడానికి వేరే ఎంపీ3 చేసుకోండి.

రొద తీసే ఫిల్టర్ జోలికి వెళ్ళేముందు ముడి ఫైలును రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టండి. ఫిల్టర్ తగ్గించే రొదను 6 నుంచి 8 డెసిబెల్స్ మించనివ్వకండి. మించితే గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు మారి, రొదతో పాటు ఒత్తులు కూడా కొట్టుకుపోతాయి. క్యాసెట్లు తెచ్చుకున్నవారు ఈ బల్ల దగ్గరకు రండి, ఒక్కోదానికీ హెడ్ కోణం సర్ది వినిపిస్తాను.