గుర్రాల బాట మీద లేచిన కాలనీ

అందరికీ నమస్కారం.

శాన్ ఫ్రాన్సిస్కో మ్యాపులో నైరుతి వైపు, ఓషన్ అవెన్యూ కిందుగా చూస్తే కోడిగుడ్డు ఆకారంలో ఒక రోడ్డు కనిపిస్తుంది. పేరు అర్బానో డ్రైవ్. దాని మీద కారు తిన్నగా పోనిస్తే, బయల్దేరిన చోటికే వచ్చేస్తాం. 1895లో మొదలైన ఇంగిల్‌సైడ్ రేస్ కోర్సులో గుర్రాలు పరిగెత్తిన బాట అదే. దాని చుట్టూ, లోపలా ఇప్పుడున్న కాలనీ ఇంగిల్‌సైడ్ టెరసెస్.

పందేలు నడిచింది పదేళ్లే. 1905 చివర్లో ఆగిపోయాయి. కొద్ది నెలలకే, 1906 ఏప్రిల్ 18న, భూకంపం వచ్చింది. దాని వెంట రేగిన మంటల్లో ఊరు కాలిపోయాక, చూసే దిక్కులేని ముసలివాళ్లనీ రోగులనీ ఇక్కడికి తెచ్చారు. గుర్రపుశాలలే గదులయ్యాయి.

1910లో జోసెఫ్ లియొనార్డ్ అనే బిల్డర్ కంపెనీ ఈ స్థలం కొంది. ప్రచారం కోసం 1913లో, 28 అడుగుల ముల్లుతో ఒక సూర్య గడియారం కట్టించి, ప్రపంచంలోకెల్లా పెద్దదని చాటించారు. మన జైపూర్‌లో సుమారు 27 మీటర్లు, అంటే దాదాపు 90 అడుగుల ఎత్తున్న సమ్రాట్ యంత్రం అనే సూర్య గడియారం అప్పటికే నూట డెబ్బై ఏళ్లుగా నిలబడి ఉంది! పైగా ఇక్కడ పొగమంచు ఎక్కువ. చాలా రోజులు ఆ గడియారానికి పనే ఉండదు.

ఇవన్నీ సరదాగా చెప్పుకునే కబుర్లు. ఈ కాలనీని నిజంగా తీర్చిదిద్దింది మాత్రం దస్తావేజుల్లో రాసిన ఒక షరతు: తెల్లవాళ్లకు తప్ప ఇక్కడ ఇల్లు అమ్మకూడదు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కాగితం మీద చెల్లకపోయినా మనుషుల్లో చెల్లుతూనే వచ్చింది. 1957లో ఈ కాలనీలోని సీడ్రో అవెన్యూలో ఇల్లు కొన్న సెసిల్ పూల్ నల్లజాతి లాయరు, అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ అటార్నీ. అంటే నేరస్తుల మీద సర్కారు తరఫున వాదించే మనిషి. మరుసటి ఏడాది ఆయన ఇంటి ముందు పచ్చికలో ఎవరో శిలువ పాతి తగలబెట్టారు. 'వెళ్లిపోకపోతే చంపుతాం' అని నల్లవాళ్లకు చెప్పడానికి తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ వాడిన గుర్తు అది.

ఆయన బెదిరి ఇల్లు ఖాళీ చేయలేదు. 1961లో ప్రెసిడెంట్ కెనడీ ఆయన్ని ఉత్తర కాలిఫోర్నియాకు ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా వేశారు. 1979లో అప్పీళ్ల కోర్టు జడ్జి అయ్యారు.