ఊరు పోయినా బడి నిలవాలంటే

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా జరిగిన దాతల సన్మాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, ఈ గ్రంథాలయాన్ని ఏళ్ల తరబడి ఆదుకుంటూ వస్తున్న దాతలకు, పనులు మానుకుని వచ్చిన అమ్మలకు, అయ్యలకు, విద్యార్థులకు నా నమస్కారాలు. దానం, విద్య అనే రెండింటినీ కలిపి మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. దాతలను గురించి నా ముందు మాట్లాడిన పెద్దలు చెప్పవలసినదంతా చెప్పారు కనుక నేను దానికి కొత్తగా చేర్చేదేమీ లేదు. ముప్పై ఏళ్లకు పైగా చరిత్ర పాఠం చెప్పి రిటైరైన మనిషిగా, నా మనసులో చాలాకాలంగా మెదులుతున్న ఒక విషయాన్ని మీ ముందు పెడతాను.

ఊరు కోల్పోయి, ఇల్లు కోల్పోయి, దిక్కుతోచక రోడ్డున పడ్డ జనానికి అన్నం పెడితే, బట్ట ఇస్తే, గుడారం వేస్తే సహాయం పూర్తయిందని మనం అనుకుంటాం. చదువు సంగతి వాళ్లు కుదురుకున్నాక చూద్దామంటాం. అలా వాయిదా వేసిన చదువు చాలాసార్లు తిరిగి రాదు. ఈ మాట యూదులకు అనుభవం మీద తెలుసు. అందుకే ఈ రోజు మీకు ఒక యూదు మత పాఠశాల కథ చెప్పదలిచాను.

నేటి బెలారస్‌లో మీర్ అనే చిన్న పట్టణం ఉంది. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో అక్కడ ఒక యెషీవా వెలిసింది. యువకులు ఇద్దరిద్దరుగా ఎదురెదురు కూర్చుని, తాల్ముడ్ అనే ధర్మగ్రంథాన్ని ముందు పెట్టుకుని, పొద్దుటినుంచి రాత్రిదాకా గొంతెత్తి వాదించుకుంటూ చదివే చోటే యెషీవా. అక్కడి చదువు వల్ల ఉద్యోగం రాదు. అలాంటి చదువుకు డబ్బెక్కడినుంచి వచ్చేదని మీరు అడగవచ్చు. మన తాతల కాలంలో పేద విద్యార్థులు వారాలు చేసుకుని, సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోంచేసి చదువుకున్నట్టే, తూర్పు ఐరోపా యూదు విద్యార్థులూ రోజుకొక ఇంట తిని చదువుకున్నారు. ఏ ఇంట ఎలాంటి ఆదరణ దొరుకుతుందో తెలియక, కడుపు నిండీ నిండక, అవమానాలు దిగమింగుకుంటూ చదివిన పిల్లల బాధను చూసిన రబ్బీ, అంటే యూదు మతగురువు, హయీమ్ 1803లో వొలోజిన్ అనే ఊళ్లో పెట్టిన యెషీవాలో ఆ పద్ధతిని ఎత్తివేశారు. తన దూతలను ఊరూరా పంపి చందాలు వసూలు చేయించి, వచ్చినదాన్ని ఒకచోట చేర్చి, విద్యార్థుల పోషణకు అందులోంచే ఇచ్చారు. అప్పటినుంచి బడి ఒక్క ఊరి దయమీద ఆధారపడనక్కరలేకుండా, దేశమంతటి యూదులూ మోయవలసిన బాధ్యత అయింది. మీర్ కూడా ఆ బాటలోనే నడిచింది.

దానం చేసే తీరులోనూ వాళ్లకు ఒక కట్టుబాటుంది. ప్రాచీన యూదు సమాజం రెండు నిధులు వేరువేరుగా నడిపేది. ఒకటి ఊళ్లోని పేదలకు వారానికొకసారి పంచే నిధి. రెండోది రోజూ వండి పెట్టే అన్నపు పాత్ర. ఆ పాత్ర ముందుకు వచ్చిన మనిషి ఏ ఊరివాడైనా సరే, ఆకలైతే చాలు. వారపు నిధికి చందా వసూలు చేయడానికి ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్లాలి. పంచడానికి మాత్రం ముగ్గురు కూర్చోవాలి, ఎందుకంటే ఎవరికెంత ఇవ్వాలన్నది న్యాయ నిర్ణయం, దాన్ని ఒక్కరి ఇష్టాయిష్టాలకు వదలకూడదు. పన్నెండో శతాబ్దపు ధర్మవేత్త మైమోనిడీస్, అలాంటి నిధి లేని యూదు సమాజాన్ని తాను చూడనూ లేదు, విననూ లేదు అని రాశారు. ఈ ఇద్దరు, ముగ్గురు అనే లెక్కను దయచేసి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

1939 సెప్టెంబరులో హిట్లర్ సేనలు పడమటినుంచి, ఆ నెల 17న సోవియట్ సేనలు తూర్పునుంచి పోలండ్‌లోకి చొరబడ్డాయి. అప్పటికి పోలండ్‌లో ఉన్న మీర్ సోవియట్ చేతుల్లో పడింది. కమ్యూనిస్టు పాలనలో మత పాఠశాల బతకదని తెలిసిన ఉపాధ్యాయులు, విద్యార్థులు పుస్తకాలు పట్టుకుని విల్నా నగరానికి బయలుదేరారు. అక్టోబరులో విల్నా లిథువేనియా దేశంలో కలిసింది కనుక అది కొన్ని నెలలపాటు తెరిచి ఉన్న తలుపు. పోలండ్ నలుమూలలనుంచి వేలమంది యెషీవా విద్యార్థులు అక్కడికి చేరారు. ఆ నవంబరులోనే అమెరికాలోని సనాతన రబ్బీలు ఈ పాఠశాలలను కాపాడడానికి వాద్ హట్సాలా అనే సంఘాన్ని పెట్టారు. 1914నుంచి సహాయం చేస్తూ వస్తున్న జాయింట్ అనే పెద్ద యూదు సంస్థ కాందిశీకులందరి పోషణా చూస్తోంది. 1940 జూన్‌లో సోవియట్ సేనలు లిథువేనియాను కూడా ఆక్రమించడంతో ఆ తలుపూ మూసుకుపోయింది.

తర్వాత జరిగినది మీలో కొందరికి తెలిసే ఉంటుంది. లిథువేనియాలోని కౌనస్ నగరంలో డచ్చి గౌరవ కాన్సల్‌గా ఉన్న యాన్ జ్వార్టెన్‌డైక్, డచ్చివారి ఏలుబడిలో ఉన్న కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవికి వెళ్లడానికి వీసా అవసరం లేదని కాందిశీకుల కాగితాల మీద రాసిచ్చారు. జపాన్ కాన్సల్ చియునే సుగిహారా ఆ కాగితాన్ని ఆధారం చేసుకుని, తన ప్రభుత్వం అనుమతించకపోయినా, జపాన్ మీదుగా వెళ్లడానికి రెండు వేలకు పైగా వీసాలు చేత్తో రాసిచ్చారు. ఈ ఇద్దరినీ లోకం కీర్తిస్తుంది, కీర్తించవలసిందే. కానీ వీసా చేతిలో ఉన్నంత మాత్రాన మనిషి సైబీరియా దాటలేడు. మాస్కోనుంచి వ్లాదివొస్తోక్ దాకా రైలు టిక్కెట్టుకు సోవియట్ పర్యాటక సంస్థ అమెరికన్ డాలర్లే అడిగింది. చేతిలో చిల్లిగవ్వ లేని కాందిశీకుడు డాలర్లు ఎక్కడినుంచి తేగలడు?

ఆ డాలర్లు న్యూయార్కు వీధుల్లోంచి వచ్చాయి. 1940 చివర్లో ఒక శనివారం బ్రూక్లిన్‌లో జరిగిన సంగతి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. శనివారం యూదులకు పవిత్రమైన విశ్రాంతి దినం. ఆ రోజు బండి ఎక్కరు, డబ్బు ముట్టరు, కలం పట్టరు. జీవితంలో ఏనాడూ ఆ నియమం తప్పని రబ్బీలు ఆ శనివారం అందరూ చూస్తుండగా టాక్సీలెక్కి, ఇంటింటికీ తిరిగి, డబ్బు అడిగారు. ప్రాణం కాపాడే పని విశ్రాంతి దినం కన్నా పెద్దదన్నది వాళ్ల ధర్మశాస్త్రంలోని మాటే. గడ్డాలు నెరిసిన గురువులు శనివారంనాడు టాక్సీ దిగి తమ గుమ్మంలో నిలబడితే, తలుపు తీసిన గృహస్థుకు పరిస్థితి ఎంత ఘోరంగా ఉందో వేరే ఉపన్యాసం చెప్పి వివరించవలసిన పని ఉంటుందా?

అలా కూడిన డబ్బుతో మీర్ యెషీవా సైబీరియా దాటి, ఓడలో జపాన్ చేరి, కోబే నగరంలో కొన్ని నెలలు చదివి, 1941లో షాంఘై చేరుకుంది. రెండు వందల పైచిలుకు విద్యార్థులు, గురువులు, వాళ్ల కుటుంబాలు ఒక్కటిగా వెళ్లారు. అక్కడ ఇంతమంది కూర్చుని చదువుకోవడానికి ఒక చోటు సిద్ధంగా ఉంది. మ్యూజియం రోడ్డులో బేత్ ఆహరోన్ అనే యూదు ప్రార్థనా మందిరం. దాన్ని 1927లో సైలస్ ఆరన్ హర్దూన్ అనే సంపన్నుడు తన తండ్రి పేరున కట్టించారు. ఈ హర్దూన్ ఎవరో చెబితే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. ఆయన బాగ్దాదులో పుట్టి, పసితనంలోనే కుటుంబంతో బొంబాయి చేరిన పేద పిల్లవాడు. డేవిడ్ ససూన్ ధర్మనిధితో నడిచే బడిలో చదువుకున్నారు. ససూన్ కూడా బాగ్దాదు పాలకుడి వేధింపులు తట్టుకోలేక పారిపోయి, 1832 ప్రాంతంలో బొంబాయి చేరిన నిర్వాసితుడే. బొంబాయిలో ఆయన పేరు మీద ఉన్న గ్రంథాలయాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. ససూన్ల సంపదలో నల్లమందు వ్యాపారానిది పెద్ద వాటా అన్నది దాచకూడని నిజం, దాన్ని ఆ ధర్మాలు కడిగేశాయని నేను అనను. నేను చూపించదలచినది వరుస. ఒక నిర్వాసితుడు బొంబాయిలో ఒక బడికి డబ్బిచ్చాడు. ఆ బడిలో చదివిన నిర్వాసితుడి కొడుకు షాంఘైలో మందిరం కట్టాడు. కట్టిన పద్నాలుగేళ్లకు, ఆయన చనిపోయిన పదేళ్లకు, ఆయన పేరు కూడా వినని పోలండ్ విద్యార్థులు అందులో కూర్చుని పాఠం ఆగిన చోటనుంచి మళ్లీ మొదలుపెట్టారు.

షాంఘైలో అప్పటికి పదిహేడు వేలకు పైగా యూదు కాందిశీకులున్నారు. జాయింట్ సంస్థ తరఫున వచ్చిన లారా మార్గోలిస్ అనే యువతి వాళ్ల ఆకలి బాధ్యత చూసుకున్నారు. 1941 డిసెంబరులో జపాన్, అమెరికాల మధ్య యుద్ధం మొదలై, అమెరికానుంచి డబ్బు రావడం ఆగిపోయింది. అంతకుముందే యుద్ధం వస్తే ఏంచేయాలో ఆలోచించిన మార్గోలిస్, స్థానికుల దగ్గర 1,80,000 డాలర్ల దాకా అప్పు తీసుకోవడానికి, యుద్ధం ముగిశాక సంస్థ తీర్చేలా, అనుమతి సంపాదించి పెట్టుకున్నారు. బొగ్గు ఖర్చు తగ్గించడానికి ఆవిరితో వండే వంటశాల కట్టించారు. 1943లో జపాన్ సైన్యం ఆమెను నిర్బంధ శిబిరంలో పెట్టే నాటికి వేలమంది ఆ వంటశాల మీద బతుకుతున్నారు. అదే ఏడు జపాన్ అధికారులు కాందిశీకులందరినీ హాంగ్‌క్యూ అనే ఇరుకు పేటలోకి తరిమారు. అంత ఇరుకులోనూ యెషీవా విద్యార్థులు పుస్తకాల కరువు తీర్చుకోవడానికి తాల్ముడ్ సంపుటాలను షాంఘైలోనే ఫోటో తీయించి అచ్చువేయించారు. యుద్ధకాలంలో దొరికిన నాసిరకం కాగితం మీద, ఆ భాషలో అక్షరం ముక్క రాని చీనా ముద్రాపకుల చేత, వెయ్యేళ్లకు పైబడ్డ గ్రంథాన్ని పేజీ పేజీకీ తప్పులేకుండా వేయించారు. గ్రంథాలయంలో నిలబడి మాట్లాడుతున్నాను కనుక ఈ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేకపోయాను.

దీని మీద విమర్శ కూడా ఉంది, అది న్యాయమైన విమర్శ. రబ్బీల సంఘం వసూలు చేసిన డబ్బు పండితులకే ఎక్కువ అందిందని, పక్కనే పస్తులున్న మామూలు కాందిశీకుడికి అంత అందలేదని ఆనాడే అడిగారు. ఆకలిగొన్న ఇద్దరిలో ఒకడు పండితుడు కనుక వాడికి ముందు పెట్టమనడం నాకు మింగుడు పడదు. దీనికి జవాబు ఆ పాత కట్టుబాటులోనే ఉందని నా నమ్మకం. అన్నపు పాత్ర అందరిదీ, దాని దగ్గర ఎవరినీ ఏమీ అడగకూడదు. చదువు నిధి వేరు, దాన్ని ఆ చదువు విలువ తెలిసినవాళ్లు వేరుగా కూడబెట్టాలి. ఒకదాని కోసం రెండోదాన్ని కొల్లగొట్టకూడదు.

మత పాఠశాలకు డబ్బిస్తే జనం గిరి గీసుకుని విడిపోరా అని కూడా అడుగుతారు. కలకత్తాలో బాగ్దాదీ యూదులు 1881లో ఆడపిల్లల కోసం పెట్టిన బడి నేటికీ నడుస్తోంది. యూదులు దాదాపు అందరూ దేశం విడిచి వెళ్లారు. ఆ బడిలో ఇప్పుడు చదువుకుంటున్నది ఎక్కువగా ముస్లిం బాలికలు. తమవాళ్ల కోసం పెట్టిన బడిని, తమవాళ్లు లేకపోయినా మూయకుండా నిలిపిన ఆ ధర్మకర్తలకు చేతులెత్తి నమస్కరించాలి.

ఇంత దూరపు కథ మనకెందుకని మీరనుకోవచ్చు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాణ్ణి. లారీలకు లారీలు బట్టలు వచ్చాయి, బియ్యం వచ్చింది, పక్కా ఇళ్లు కట్టిస్తామని సంస్థలు వచ్చాయి. ఆ చేతులన్నిటికీ దండం. ఇల్లు కట్టిస్తామన్న ఒక సంస్థ ప్రతినిధిని పట్టుకుని, పిల్లలకు పలకలు, పుస్తకాలు, రెండేళ్లపాటు ఒక ఉపాధ్యాయుడి జీతం ఇప్పించండని అడిగాను. అవి మా పద్దులో లేవు, కట్టడమైతే ఇస్తాం, దాతల పేర్లతో ఫలకం పెట్టుకుంటాం అన్నారు. ఫలకం ఉన్న గది లేచింది, పాఠం చెప్పే మనిషి రాలేదు. ఆ ఏడు గొడ్లు కాయడానికి వెళ్లిన పిల్లల్లో చాలామంది మళ్లీ పలక పట్టలేదు. వాళ్ల పేర్లు నా హాజరుపట్టీలో ఉండేవి. అమ్మా, అయ్యా, ఆ పిల్లలకు మనం ఏం జవాబు చెప్పగలం?

మీర్ పట్టణంలో మిగిలిపోయిన యూదుల్లో సుమారు పదిహేను వందల మందిని 1941 నవంబరు 9న ఒక్కరోజే చంపేశారు. ఆ ఊరు ఆ రూపంలో మళ్లీ లేదు. బడి మాత్రం ఉంది. షాంఘైనుంచి యుద్ధం తర్వాత అమెరికా చేరిన శాఖ బ్రూక్లిన్‌లో నడుస్తోంది. వాళ్ల ప్రధాన గురువు రబ్బీ ఫింకెల్ 1944లో జెరూసలేములో తెరిచిన శాఖలో ఇవాళ వేలమంది చదువుతున్నారు. ఈ పని ఇంకా ముగియలేదు. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన కొన్ని రోజులకే ఒడెస్సాలోని యూదు అనాథాశ్రమం వందకు పైగా పిల్లలను బస్సుల్లో బెర్లిన్‌కు తరలించింది. ఒకప్పుడు యూదులు ఏ నగరంనుంచి పారిపోయారో ఆ నగరానికే, దాతల డబ్బుతో, తమ ఉపాధ్యాయులను వెంటబెట్టుకుని ఆ పిల్లలు చేరారు.

కార్యదర్శిగారికి నా విన్నపం ఒక్కటే. ఈ గ్రంథాలయం పేరున ఈ నెలలోనే రెండు ఖాతాలు తెరవండి. ఒకటి వరదకో, అగ్నిప్రమాదానికో రోడ్డున పడ్డవారి అన్నానికి. రెండోది అలాంటి కుటుంబాల పిల్లలకు పుస్తకాలు కొనడానికి, వాళ్లకు పాఠం చెప్పేవారికి జీతమివ్వడానికి. చందాకు ఇద్దరు కలిసి వెళ్లండి, పంచేటప్పుడు ముగ్గురు కూర్చోండి, ముగ్గురిలో ఒకరు దాతలకు సంబంధం లేని ఉపాధ్యాయురాలైతే మేలు. నెలనెలా జమాఖర్చులు బయటి నోటీసు బోర్డు మీద పెట్టండి. ఫలకాలు వద్దు. రెండో ఖాతాకు ప్రతి నెలా నా పింఛనులో పదో వంతు ఇస్తాను, మొదటి నెల డబ్బు ఈ కవరులో తెచ్చాను. వేదిక దిగే ముందు దీన్ని అధ్యక్షులవారి చేతికిస్తున్నాను, రసీదు రాయించండి.